బొగ్గు బలం, రూఫ్ రాయి బలం కొలవడం ఎలా: గనిలో శాంపిల్ నుంచి పిల్లర్ లెక్క దాకా

గని రూఫ్ (కప్పు) కూలకుండా, తవ్వకుండా వదిలిన ఒక బొగ్గు పిల్లర్ తన మీదున్న రెండు వందల మీటర్ల నేలను మోయగలదా? ఈ లెక్కలోకి బొగ్గు తరఫున వెళ్ళేది ఒకే ఒక్క సంఖ్య: 25 మిల్లీమీటర్ల బొగ్గు ఘనం ఎంత ఒత్తిడి దగ్గర నలిగింది అన్నది. ఆ ఘనం క్యారమ్ బోర్డు స్ట్రైకర్ అంత వెడల్పు కూడా ఉండదు. దాన్ని ఎక్కడ తీశారు, ఎలా తెచ్చారు, కోసేటప్పుడు దాని పక్కన ఎన్ని విరిగిపోయాయి అన్నవి నోట్‌బుక్‌లో లేకపోతే యంత్రం చూపే అంకెకు విలువ లేదు.

ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు కంటికి కనపడదు. బలహీనమైన బొగ్గు ల్యాబ్ దాకా రాదు. తవ్వేటప్పుడు కొంత, లారీలో కొంత, రంపం కింద ఇంకొంత రాలిపోతుంది. చివరికి మిగిలేది గట్టి ముక్క. దాని బలాన్నే మొత్తం సీమ్ (బొగ్గు పొర) బలమని రాసేస్తారు. కింది పద్ధతిలో ప్రతి దశా ఈ పొరపాటును తగ్గించడానికే. ఉదాహరణలన్నీ గోదావరి లోయ భూగర్భ గనుల్లో సాధారణమైన బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతికి (అడ్డంగా, నిలువుగా గ్యాలరీలనే దారులు తవ్వి, మధ్యలో బొగ్గును పిల్లర్లుగా వదిలే పద్ధతి) సంబంధించినవి.

గనిలోకి దిగే ముందు

మేనేజర్ అనుమతి, వెంట గని పర్యవేక్షకుడు (ఓవర్‌మన్ గానీ సర్దార్ గానీ) తప్పనిసరి. శాంపిల్ తీసే చోట వాళ్ళు రూఫ్ తట్టి చూసి, గ్యాస్ పరీక్ష చేసి సరే అన్నాకే పని మొదలుపెట్టండి. సపోర్టు లేని రూఫ్ కింద ఎంత మంచి శాంపిల్ కనిపించినా అడుగు పెట్టొద్దు. మొబైల్ ఫోను, మామూలు కెమెరా లోపలికి తీసుకెళ్ళకూడదు. కాబట్టి స్కెచ్ చేతితో వేయాల్సిందే. గళ్ళ కాగితం, టేపు, కంపాస్, పసుపు రంగు క్రేయాన్, ఉలి, సుత్తి, మందపాటి పాలిథిన్ సంచులు, ఇంట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ రోల్ రెండు, తడిపిన గోనెసంచులు: ఇవి ఉంటే చాలు.

ఛానల్ శాంపిల్: నాణ్యత పరీక్షల కోసం

తేమ, బూడిద, ఉష్ణ విలువ లాంటి వాటికి సీమ్ మొత్తానికి ప్రతినిధిగా నిలిచే బొగ్గు కావాలి. కింద పడి ఉన్న కుప్పలోంచి తీస్తే అది దొరకదు. మెరిసే బొగ్గు పెళుసు కాబట్టి పొడై కిందికి దిగుతుంది, మసక బొగ్గు పెద్ద ముక్కలుగా పైన నిలుస్తుంది. చేతికి ఏది అందితే అదే శాంపిల్ అవుతుంది.

తాజాగా తెరుచుకున్న ఫేస్ (తవ్వుతున్న బొగ్గు గోడ) దగ్గర రూఫ్ నుంచి ఫ్లోర్ దాకా, పొరల తలానికి లంబంగా రెండు గీతలు గీయండి. మధ్య దూరం 30 సెం.మీ. ఉండనివ్వండి. ముందు పైపొరను ఉలితో గీకి పారేయండి. దీనికి కారణం ఉంది. బొగ్గు ధూళి పేలకుండా గ్యాలరీల్లో సున్నపురాయి పొడి చల్లుతారు. ఆ పొడి శాంపిల్‌లో కలిస్తే బూడిద శాతం పెరుగుతుంది, అది వేడికి కార్బన్ డయాక్సైడ్ వదలడం వల్ల బాష్పశీల పదార్థం (వేడికి ఆవిరై పోయే భాగం) లెక్క కూడా తప్పుతుంది. శుభ్రమైన బొగ్గు కనిపించాక గాడి అంతటా ఒకే వెడల్పు, ఒకే లోతు (దాదాపు 10 సెం.మీ.) ఉండేలా చెక్కండి. గట్టి పొర దగ్గర గాడి సన్నబడటం, మెత్తని పొర దగ్గర వెడల్పవడం మామూలుగా జరిగే తప్పు. అలా జరిగితే మెత్తని బొగ్గు వాటా ఎక్కువైనట్టే.

క్లే (బంకమట్టి) బ్యాండ్లు, షేల్ (పలకలుగా విడిపోయే బంకరాయి) బ్యాండ్లు వస్తే ఒక్కోదాన్ని విడి సంచిలో వేసి, మందం, రూఫ్ నుంచి దూరం రాయండి. కలపాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఒకసారి కలిపేసిన దాన్ని విడదీయలేం.

బ్లాకులు, కోర్లు: బలం పరీక్షల కోసం

బ్లాకు ఒక్కో వైపు 30 సెం.మీ.కు తగ్గకుండా ఉండాలి. బ్లాస్టింగ్ రంధ్రం పక్కనుంచి తీయొద్దు, అక్కడ కంటికి కనపడని పగుళ్ళు ఉంటాయి. ఏళ్ళ తరబడి నిలబడ్డ పిల్లర్ సైడు నుంచి కూడా తీయొద్దు. ఆ అంచు ఒత్తిడికి ముందే చిట్లి ఉంటుంది. తాజా ఫేస్‌లో క్లీట్ల (బొగ్గులో సహజంగా ఉండే పగుళ్ళ) వెంట మేకులు దిగ్గొట్టి మెల్లగా ఊడదీయండి. ఊడకముందే బాణం గుర్తుతో పై వైపును, ఇంకో గీతతో ప్రధాన క్లీట్ దిశను క్రేయాన్‌తో గుర్తించండి. ఊడాక ఏది పైనో గుర్తుపట్టడం కష్టం.

మెరుపు బొగ్గు, మసక బొగ్గు, మధ్యరకం, మూడిటి నుంచీ బ్లాకులు రావాలి. మెరుపు బొగ్గులో క్లీట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి బ్లాకు నిలవదు. మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ విరిగితే ఆ సంగతే రాయండి: ఏ ఎత్తులో, ఎంత మందం పొర, ఎన్ని ప్రయత్నాలు. చివరి లెక్కలో ఈ వాక్యం అక్కరకొస్తుంది.

రూఫ్ రాయికి కోర్ (డ్రిల్లుతో తీసిన స్తంభాకార ముక్క) కావాలి. 54 మి.మీ. వ్యాసం మంచి ఎంపిక. గ్యాలరీ రూఫ్‌లోకి కనీసం రెండు మీటర్లు వెళ్ళాలి, ఎందుకంటే రూఫ్ వర్గీకరణ ఆ రెండు మీటర్ల మీదే నడుస్తుంది. కోర్ బయటికొచ్చిన వెంటనే పొడవు కొలిచి, ముక్కలు లెక్కపెట్టి, పొరల మందం రాసి, క్లింగ్ ఫిల్మ్‌తో మూడు చుట్లు చుట్టండి. షేల్ విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. గనిలో తడిగా చెక్కుచెదరకుండా ఉన్న షేల్ ఎండ తగిలితే బిళ్ళలు బిళ్ళలుగా విడిపోతుంది. బొగ్గు బ్లాకులను ఫిల్మ్ చుట్టి, తడి గోనె కప్పి, రంపపు పొట్టు నింపిన పెట్టెలో పెట్టండి. పెట్టె మీద తీసిన తేదీ, గంట కూడా ఉండాలి.

బొగ్గు నాణ్యత పరీక్షలు

మన దేశంలో ఇవి ఐ.ఎస్. 1350 అనే భారతీయ ప్రమాణం ప్రకారం జరుగుతాయి. ఛానల్ శాంపిల్‌ను దంచి, కుప్ప చేసి నాలుగు భాగాలుగా విడదీసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుంటూ తగ్గించుకు రండి. చివరి పొడి మొత్తం 212 మైక్రాన్ల జల్లెడ దిగాలి. జల్లెడ మీద మిగిలిన గట్టి కణాలను పారేస్తే బూడిదను పారేసినట్టే. మళ్ళీ నూరి దింపండి. తర్వాత ఆ పొడిని 40 డిగ్రీల సెల్సియస్, 60 శాతం గాలి తేమ దగ్గర సమతౌల్యానికి తేవాలి. వానాకాలం తూకానికీ వేసవి తూకానికీ తేడా రాకుండా చేసేది ఈ దశే.

తేమ: 1 గ్రాము, 108 డిగ్రీల (2 అటూ ఇటూ) ఓవెన్‌లో గంట నుంచి గంటన్నర. చల్లార్చడం డెసికేటర్‌లోనే.

బూడిద: 1 గ్రామును చల్లటి ఫర్నేస్‌లో పెట్టి అరగంటలో 500 డిగ్రీలకు, మరో 30 నుంచి 60 నిమిషాల్లో 815 డిగ్రీలకు తెచ్చి, గంట ఉంచండి. తొందరపడి నేరుగా 815 డిగ్రీల్లో పెడితే రెండు నష్టాలు. కణాలు ఎగిరిపోతాయి. గంధకం బయటికి పోకముందే సున్నంతో కలిసి సల్ఫేట్‌గా మారి బూడిద బరువు పెంచుతుంది.

బాష్పశీల పదార్థం: మూత ఉన్న సిలికా క్రూసిబుల్‌లో 1 గ్రాము, 900 డిగ్రీల దగ్గర సరిగ్గా 7 నిమిషాలు. స్టాప్‌వాచ్ లేకుండా చేయొద్దు. వచ్చిన బరువు నష్టంలోంచి తేమ శాతం తీసేయాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా మరిచేది ఇదే. మూత చుట్టూ నిప్పురవ్వలు కనిపిస్తే ఆ పరీక్ష కొట్టేసి మళ్ళీ చేయండి.

స్థిర కార్బన్‌ను ఎవరూ కొలవరు. వందలోంచి మిగతా మూడూ తీసేస్తే వచ్చేది అది. అంటే పై మూడింటిలో జరిగిన తప్పులన్నీ అక్కడికే చేరతాయి. అందుకే ప్రతిదీ జంటగా చేసి, రెండు విలువలూ దగ్గరగా వచ్చాకే ముందుకు వెళ్ళాలి.

ఉష్ణ విలువకు బాంబ్ కెలోరీమీటర్. బూడిద ఎక్కువున్న బొగ్గు పూర్తిగా కాలదు. తెరిచినప్పుడు నల్లటి మసి కనిపిస్తే ఆ విలువ వాడొద్దు. తూచిన బెంజోయిక్ ఆమ్లం కలిపి కాల్చి, దాని వేడిని (గ్రాముకు సుమారు 6,318 కెలోరీలు) తీసేయండి. 2012 నుంచి మన థర్మల్ బొగ్గు గ్రేడ్లు జి-1 నుంచి జి-17 దాకా స్థూల ఉష్ణ విలువ మీద నడుస్తున్నాయి, ఒక్కో మెట్టు 300 కిలోకెలోరీలు. కిలోకు 4,301 నుంచి 4,600 దాకా జి-10. 4,340 ఉన్న బొగ్గుకు 50 తక్కువ చూపిస్తే జి-11లోకి జారిపోతుంది, ధర మారిపోతుంది.

తనంతట తాను అంటుకునే గుణానికి క్రాసింగ్ పాయింట్ ఉష్ణోగ్రత (వేడిచేస్తుంటే బొగ్గు వేడి తన చుట్టూ ఉన్న వేడిని దాటిపోయే స్థాయి) చూస్తారు. 120-140 డిగ్రీలైతే ప్రమాదం ఎక్కువ, 140-160 అయితే మధ్యస్థం, 160 దాటితే తక్కువ. దీనికి తాజా బొగ్గే కావాలి. నెలల తరబడి గాలికి ఉన్న పొడి ఇప్పటికే ఆక్సిజన్ పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఎక్కువ ఉష్ణోగ్రత చూపి, లేని భరోసా ఇస్తుంది.

25 మి.మీ. ఘనాలు

డైమండ్ రంపంతో, చాలా నెమ్మదిగా, బ్లాకును చెక్క బిగింపులో పెట్టి కోయండి. విరిగే బొగ్గైతే బ్లాకు చుట్టూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి గట్టిపడ్డాక కోయడం మేలు. ఘనంగా కోశాక ఆ ప్లాస్టర్ మిగలకూడదు. ఎదురెదురు ముఖాలను గాజు పలక మీద ఎమెరీ కాగితంతో సమం చేయండి. ముఖం మీద 0.1 మి.మీ. గుబ్బ ఉన్నా బరువంతా అక్కడే పడి ఘనం ముందే చీలుతుంది.

నలిపే దిశ పొరలకు లంబంగా ఉండాలి, గనిలో పిల్లర్ బరువు మోసేది అలాగే. అడ్డంగా పెడితే విలువ మారిపోతుంది. ప్లేట్లకు గ్రీజు, మధ్యలో అట్టముక్క లాంటివి వద్దు. గ్రీజు రాపిడిని తగ్గిస్తుంది, ఘనం నిలువునా చీలి బలం తక్కువ చూపిస్తుంది.

యంత్రం ఎంపికలో చాలామంది దెబ్బతింటారు. 30 మెగాపాస్కల్ బలం ఉన్న ఘనం నలగడానికి 18.75 కిలోన్యూటన్లు చాలు, అంటే రెండు టన్నుల లోపు. కాంక్రీట్ ఘనాలకు వాడే 2,000 కిలోన్యూటన్ల యంత్రంలో అది స్కేలులో ఒక శాతం కూడా కాదు, ఆ అడుగు భాగంలో ఏ యంత్రాన్నీ నమ్మలేం. 50 లేదా 100 కిలోన్యూటన్ల లోడ్ సెల్ ఉన్న యంత్రం చూసుకోండి. బరువు సెకనుకు 0.5 నుంచి 1 మెగాపాస్కల్ చొప్పున పెంచండి.

ఒక్కో రకం బొగ్గుకు కనీసం ఇరవై ఘనాలు నలపాలి. నాలుగు ఘనాల సగటుతో బొగ్గు గురించి ఏమీ చెప్పలేం. ఉదాహరణకు 40 కోయడం మొదలుపెడితే 24 నిలిచాయి, సగటు 30 మెగాపాస్కల్, ప్రామాణిక విచలనం 8 వచ్చింది అనుకుందాం. రాయాల్సింది "30" కాదు. "40లో 24 నిలిచాయి, సగటు 30, విచలనం 8" అని రాయాలి. ఆ పదహారు విరిగిన ఘనాలూ బలహీనమైన బొగ్గు గొంతు. అందుకే పిల్లర్ లెక్క సగటుతో ఒకసారి, సగటులోంచి ఒక విచలనం తీసేసి 22తో ఇంకోసారి వేయాలి.

రూఫ్ రాయి పరీక్షలు

సంపీడన బలానికి కోర్ పొడవు వ్యాసానికి రెండున్నర నుంచి మూడు రెట్లు. కోర్ తీసినప్పటి తేమతోనే పరీక్షించండి. ఓవెన్‌లో ఎండబెట్టిన ఇసుకరాయి గనిలో ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. గోదావరి లోయలోని బరాకార్ గరుకు ఇసుకరాళ్ళు నీటిని పీలుస్తాయి కాబట్టి ఇక్కడ ఈ తేడా పట్టించుకోవాల్సిందే.

తన్యతా బలానికి (లాగితే తెగే బలం) బ్రెజిలియన్ పరీక్ష: వ్యాసంలో సగం మందం ఉన్న బిళ్ళను అడ్డంగా నొక్కి చీల్చడం. బలం = 0.636 × లోడు ÷ (వ్యాసం × మందం). చీలిక రెండు నొక్కు బిందువులనూ కలపకపోతే ఆ ఫలితం చెల్లదు.

పూర్తి కోర్ దొరకని చోట పాయింట్ లోడ్ పరీక్ష (రెండు మొనల మధ్య ముక్కను నొక్కి విరవడం) ఆదుకుంటుంది. అయితే దాని విలువను సంపీడన బలంగా మార్చడానికి గట్టి రాళ్ళకు పుస్తకాల్లో చెప్పే 22-24 గుణకాన్ని మెత్తని షేల్‌కు, ఇసుకరాయికి వాడితే బలం ఎక్కువ వస్తుంది. ఒకే కోర్ నుంచి రెండు పరీక్షలూ చేసి, మీ రాయికి మీ గుణకం తయారుచేసుకోండి.

స్లేక్ డ్యూరబిలిటీ (నీటికి రాయి చెడిపోకుండా నిలిచే గుణం): 40-60 గ్రాముల ముక్కలు పది, గుండ్రంగా చేసి, ఎండబెట్టి తూచి, 2 మి.మీ. జాలీ డ్రమ్ములో నీటిలో పది నిమిషాల్లో 200 చుట్లు తిప్పి, మళ్ళీ ఎండబెట్టి తూచాలి. ఇది ఒక చక్రం, మిగిలిన బరువు శాతమే దాని విలువ. అంతర్జాతీయ పద్ధతిలో రెండో చక్రం విలువ చెబుతారు. మన రూఫ్ వర్గీకరణ పట్టిక మొదటి చక్రం మీద తయారైంది. రెండిటినీ కలగాపులగం చేయొద్దు.

రూఫ్‌కు మార్కులు వేయడం

భారత బొగ్గు గనుల కోసం వెంకటేశ్వర్లు, ఘోష్, రాజు 1989లో ప్రతిపాదించిన సి.ఎం.ఆర్.ఐ. (కేంద్ర గనుల పరిశోధన సంస్థ) రాక్ మాస్ రేటింగ్‌లో మొత్తం వంద మార్కులు: పొర మందానికి 30, స్లిప్పులు, జాయింట్ల వంటి నిర్మాణ లక్షణాలకు 25, నీటికి చెడిపోని గుణానికి 20, రాయి బలానికి 15, నీటి ఊటకు 10. ల్యాబ్‌లో ఇంత కష్టపడి తేల్చిన బలానికి పదిహేనే మార్కులన్నది గుర్తుంచుకోండి. పొరల మందం టేపుతో కొలిచేదే, కానీ దానికి రెట్టింపు విలువ. ఊట కోసం రూఫ్‌లో ఒకటిన్నర మీటర్లకు పైగా నిలువు రంధ్రం వేసి, అరగంట ఆగి, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు కారుతోందో పట్టాలి.

ఒక ఉదాహరణ. రూఫ్‌లో మొదటి అర మీటరు షేల్: పొరలు 6 సెం.మీ. (10 మార్కులు), నిర్మాణం 17, స్లేక్ విలువ 78 శాతం (6), బలం 180 కి.గ్రా./చ.సెం.మీ. (4), ఊట నిమిషానికి 15 మి.లీ. (8). మొత్తం 45. పైన ఒకటిన్నర మీటర్లు ఇసుకరాయి: 22, 17, 12, 5, 8, మొత్తం 64. మందాన్ని బట్టి సగటు 59.25. సాలిడ్ బ్లాస్టింగ్ (ముందు గాడి కోయకుండా నేరుగా బొగ్గును పేల్చడం) చేస్తే 0.9తో గుణించాలి: 53.3.

రాతి భారం (చదరపు మీటరుకు టన్నులు) = సాంద్రత × గ్యాలరీ వెడల్పు × (1.7 − 0.037 × రేటింగ్ + 0.0002 × రేటింగ్ × రేటింగ్). సాంద్రత 2.2, వెడల్పు 4.2 మీటర్లు వేస్తే సుమారు 2.7 టన్నులు. వరుసల మధ్య 1.2 మీటర్లు, వరుసకు మూడు బోల్టులు, పుల్ టెస్టులో (లాగి చూసినప్పుడు) ఒక్కోటి 8 టన్నులు పట్టిందనుకుంటే భద్రతా గుణకం (మోయగలిగేది ÷ మోయాల్సింది) 1.74.

బాగానే ఉందనిపిస్తుంది. కానీ ముందు ఊడేది షేల్. దాని మార్కులు మాత్రమే తీసుకుంటే (45 × 0.9 = 40.5) భారం 4.9 టన్నులవుతుంది, అవే బోల్టులకు గుణకం 0.97కి పడిపోతుంది. సగటు వేయమనే పద్ధతి చెబుతుంది, వేయండి. పక్కనే అన్నిటికన్నా బలహీనమైన పొర లెక్క కూడా తప్పక చూపండి. సపోర్టు ఎంత పెట్టాలన్నది ఆమోదించిన సపోర్టు ప్లాన్ ప్రకారమే. ఈ లెక్క ఆ ప్లాన్ వేసేవాళ్ళ చేతికి వెళ్ళే సమాచారం.

పిల్లర్ లెక్క

దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో 1960 జనవరి 21న పిల్లర్లు ఒకదాని వెంట ఒకటి కూలి 430 మందికి పైగా చనిపోయారు. పిల్లర్ బలాన్ని లెక్కతో తేల్చే పరిశోధన ఆ దుర్ఘటన తర్వాతే ఊపందుకుంది. మన దగ్గర వాడుకలో ఉన్నది షియోరే తదితరులు రూపొందించిన సి.ఎం.ఆర్.ఐ. సూత్రం:

బలం (మెగాపాస్కల్) = 0.27 × ఘనం బలం ÷ (ఎత్తు^0.36) + (లోతు ÷ 250 + 1) × (వెడల్పు ÷ ఎత్తు − 1)

ఘనం అంటే 25 మి.మీ. ఘనమే. పెద్ద ముక్కలో క్లీట్లు ఎక్కువ పడతాయి, బలం తగ్గుతుంది. 54 మి.మీ. కోర్ విలువను ఇందులో వేస్తే సూత్రం తప్పుతుంది.

లోతు 200 మీటర్లు, పిల్లర్ల మధ్య బిందువుల దూరం 30 మీటర్లు, గ్యాలరీ 4.2, ఎత్తు 3 మీటర్లు, ఘనం 30 మెగాపాస్కల్ అనుకుందాం. పిల్లర్ వెడల్పు 25.8, బలం 19.1. పైనుంచి వచ్చే భారం (మీటరు లోతుకు 0.025 మెగాపాస్కల్ చొప్పున) 0.025 × 200 × (30 ÷ 25.8) వర్గం = 6.8. భద్రతా గుణకం 2.83. ఘనం బలాన్ని 22కు తగ్గిస్తే 2.62. ఈ దశలో ల్యాబ్ అంకె ఎనిమిది మెగాపాస్కల్ తప్పినా పెద్ద తేడా లేదు. ఈ ధీమాతోనే చాలామంది ఘనాల పనిని తేలిగ్గా తీసుకుంటారు.

ఇప్పుడు డీపిల్లరింగ్‌కు (పిల్లర్ల బొగ్గు కూడా తీయడానికి) అదే పిల్లర్‌ను మధ్యలో 4.2 మీటర్ల దారి (స్ప్లిట్)తో రెండుగా చీల్చండి. ఒక్కో సగం 25.8 × 10.8 మీటర్లు. దీర్ఘచతురస్రానికి సమాన వెడల్పు = 2 × పొడవు × వెడల్పు ÷ (పొడవు + వెడల్పు) = 15.2. భారం 8.1 మెగాపాస్కల్‌కు పెరుగుతుంది. ఘనం 30 అయితే గుణకం 1.58, 22 అయితే 1.40. రూఫ్ బొగ్గు కూడా తీసి ఎత్తును 4.5 మీటర్లకు పెంచితే 30కి 1.11, 22కి 0.96. సీమ్ అసలు బలం 30యా 22యా అన్న ప్రశ్న ఇక్కడ మనుషులు పక్కనే పనిచేస్తున్న పిల్లర్ నిలుస్తుందా లేదా అన్న ప్రశ్నగా మారిపోయింది. కోసేటప్పుడు విరిగి పక్కకు పోయిన పదహారు ఘనాల లెక్క అవసరమయ్యేది ఈ రోజునే.

లెక్కకు ప్లాన్‌లో గీసిన కొలతలు వాడొద్దు. సైడ్లు రాలి గ్యాలరీ వెడల్పై ఉంటుంది, ఎత్తు పెరిగి ఉంటుంది. టేపుతో కొలిచి వేయండి.

రిపోర్టులో తప్పక ఉండాల్సినవి

శాంపిల్ తీసిన చోటు, సీమ్‌లో ఎత్తు, తీసిన తేదీ, పరీక్షించిన తేదీ, మధ్యలో ఎలా భద్రపరిచారు, పరీక్ష రోజు తేమ, పొరలకు ఏ దిశలో లోడు వేశారు, యంత్రం సామర్థ్యం, చివరిసారి క్రమాంకనం చేసిన తేదీ, ఎన్ని కోశారు, ఎన్ని నిలిచాయి, ప్రతి ఘనం విడి విలువ. సగటు ఒక్కటే ఉన్న పట్టికను మరో పరిశోధకుడు ఎందుకూ వాడుకోలేడు. నలిగిన ముక్కలను కూడా నంబరు వేసి, సంచిలో కట్టి ఉంచండి. ఆరు నెలల తర్వాత ఎవరైనా ఫలితాన్ని అనుమానిస్తే, చీలిక పాత క్లీట్ వెంట వచ్చిందా కొత్తగా బొగ్గులోంచి వచ్చిందా అన్నది ఆ ముక్కలను చూసే తేల్చగలం.